నొప్పి లేని చోటు

టైలరు చెయ్యి తేలిక. ఆ మాట బజారంతా ఒప్పుకున్నదే. నడుము బిగుతైన పంట్లాం ఇచ్చి వదులు చేయించుకున్నవాళ్ళు, ఎక్కడ విప్పాడో ఎక్కడ అతికాడో వెలుతురుకి పట్టి వెతికేవాళ్ళు. దొరక్క, అతని వంక చూసి ఓ నవ్వు నవ్వి, మడత పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మేడమెట్ల కింద ఇరుకు గది, కిటికీ దగ్గర కుట్టు మిషను, గుడ్డ కత్తిరించే బల్ల, గోడకి నిలువెత్తు అద్దం. అదీ అతని రాజ్యం.

ఆ రాజ్యంలో రాజు మాట్లాడేది బహు తక్కువ. కొలతలు తీసేటప్పుడూ మడతలు పట్టేటప్పుడూ పెదవుల మధ్య గుండుసూదులు బిగించి ఉంచుకోవడం అతని పద్ధతి. అందుకని ఎవరేం చెప్పినా తల ఊపేవాడు. పొడుగు తగ్గించమన్నా ఊపేవాడు, రేపటికే కావాలన్నా ఊపేవాడు. తల ఊపితే ఎదుటి మనిషి సంతోషిస్తాడనీ, మాట పెరగదనీ, సూదులు రాలవనీ పని నేర్చుకునే రోజుల్లోనే గ్రహించాడు. రానురాను ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, నోట్లో సూదులు లేనప్పుడు కూడా అదే ఊపు. "మా ఆయనకి అవునన్నా కాదన్నా ఒకటే గంగిరెద్దు తల" అని భార్య నవ్వేది. ఆవిడ ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు నేల మీద పాకే రోజుల నుంచీ ఆ గుండీల డబ్బా దగ్గరే పెరిగింది కాబట్టి దానికి గుండీ అనే పేరు స్థిరపడిపోయింది. బళ్ళో వేరే పేరుంది గాని, ఇంట్లో ఆ పేరుతో పిలిస్తే పలికేది కాదు.

గుండీ ఒకటో తరగతిలో ఉండగా ఉన్నట్టుండి చిక్కిపోయింది. చెంబులకి చెంబులు నీళ్ళు తాగేది. ఒకనాడు బళ్ళోనే సోలిపోయింది. ఆసుపత్రిలో షుగరన్నారు. పెద్దవాళ్ళకి వచ్చే రకం కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడమే మానేసింది కనుక రోజూ వేళవేళకీ సూదితో బయటి నుంచి ఇవ్వాలి, బతికున్నంత కాలమూ ఇవ్వాలి అని డాక్టరు చెప్పాడు. ఇంకా చాలా చెప్పాడు. టైలరు అన్నింటికీ తల ఊపాడు. అర్థమైందా అని అడిగితే మరింత గట్టిగా ఊపాడు. నిజానికి అతని బుర్రకెక్కింది ఒక్కటే: సూది వెయ్యాలి. సూదంటే తన పనే కదా అనుకున్నాడు.

భార్య వల్ల అయ్యేది కాదు. పొద్దస్తమానం సూదిలో దారం ఎక్కించే మనిషి, కూతురి ఒంట్లో సూది దిగుతుందంటే గోడ వైపు తిరిగి నిలబడేది. కాబట్టి ఆ బాధ్యత టైలరుదే అయింది. మొదట్లో తొడ మీద వేశాడు, చేతి మీద వేశాడు. పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. బొడ్డుకి కుడి పక్కన వేస్తే ఏడుపు కాస్త తగ్గినట్టనిపించింది. కొన్నాళ్ళు అక్కడే వేశాక పూర్తిగా పోయింది. ఏదో కబురు చెబుతూ చొక్కా పైకెత్తి, కబురు ఆపకుండానే మళ్ళీ దించేసుకునేది. ఇక అతను చోటు మార్చలేదు. నొప్పి లేని చోటు చేతికి దొరికాక, ఏడిపించే చోట్లు వెతుక్కుంటూ పోయే తండ్రి ఎక్కడైనా ఉంటాడా?

అది తన చేతి చలవే అని అతని నమ్మకం. ఆ ఒక్క సంగతి చెప్పడానికే నోట్లోంచి సూదులు తీసేవాడు. కొలతలకి వచ్చినవాళ్ళని చేతులు పైకెత్తించి అలాగే నిలబెట్టి, మా అమ్మాయికి సూది దిగిన సంగతే తెలియదండీ అని చెప్పి, మళ్ళీ సూదులు పెట్టుకునేవాడు.

షుగరు కొలిచే మీటరు మాత్రం ఈ గొప్పని ఏమాత్రం ఖాతరు చేయలేదు. వేలి మీద చుక్క రక్తం తీసి చూస్తే ఒక పూట ఆకాశంలో ఉండేది. ఇంకో పూట అదే తిండి, అదే మందు, అయినా పాతాళంలోకి జారి పిల్ల చెమటలు పట్టి వణికిపోయేది. తలా ఒక కారణం చెప్పారు. ఇంట్లోనే ఉండే అత్తగారు, కడుపుతో ఉన్నప్పుడు కూతురు తిన్న తీపే ఇలా మనవరాలికి చుట్టుకుందని తేల్చింది. టైలరు మాత్రం గుండీ చాటుగా ఏదో తింటోందని అనుమానించాడు. అనుమానం ముదిరి ఒక సాయంత్రం బడిసంచీ బల్ల మీద బోర్లించాడు. అడుగున చాక్లెట్ రేకు ఒకటి దొరికింది.

"అది ఉత్త రేకు నాన్నా. మెరుస్తుందని దాచుకున్నా. చాక్లెట్ నాది కాదు" అంది గుండీ.

అతను తల ఊపాడు. ఆ ఊపు నమ్మిన ఊపు కాదని గుండీకి తెలుసు. రేకుని గోటితో సాపు చేసి గుండీల డబ్బాలో పెట్టుకుంది.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా డాక్టరు అడిగేవాడు, వేళకి వేస్తున్నారా అని. టైలరు తల ఊపేవాడు. చోట్లు మారుస్తున్నారా అని అడిగితే దానికీ ఊపేవాడు. వరండాలో ఇంకా ఎంతోమంది కూర్చుని ఉండేవాళ్ళు. డాక్టరు మందు మోతాదు కాస్త పెంచి పంపేవాడు.

అలా నాలుగో తరగతి వచ్చింది. ఏటా ఆ తరగతి పిల్లల్ని కొండల్లోకి తీసుకెళ్ళి గుడారాల్లో రెండు రాత్రులు ఉంచడం ఆ బడి పద్ధతి. గుండీ రెండో తరగతి నుంచే ఆ గుడారం కలలు కంటోంది. ఆటల మేష్టారు తన పంట్లాం సరిచేయించుకునే వంకతో కొట్టుకి వచ్చి, అసలు సంగతి మెల్లగా కదిపాడు. పిల్ల రావాలనే తన కోరికట. పక్కనే నిలబడతాడట, వేళ గుర్తు చేస్తాడట, సూది మాత్రం తన చేత్తో వేయలేడట. తనకి తను వేసుకోగలగాలి, ఒంట్లో తేడా వస్తే తనే కనిపెట్టి చెప్పగలగాలి, ఆసుపత్రివాళ్ళు సరేననాలి. అలా అయితేనే.

టైలరు తల ఊపాడు. అద్దం పక్కన నిలబడి అంతా వింటున్న గుండీ ముందుకొచ్చింది.

"నాన్న తల ఊపితే అవునని కాదు మేష్టారూ. సూదులు తీసి చెప్పమనండి."

మేష్టారు నవ్వు ఆపుకున్నాడు. టైలరు సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీది దిండుకి గుచ్చి, తనూ బస్సులో వస్తానన్నాడు.

"నువ్వొస్తే నేను రాను" అంది గుండీ. అలిగి అన్న మాట కాదు. ఎంతో ముందుగానే ఆలోచించి పెట్టుకున్న మాటలా వచ్చింది.

పిల్లల షుగరు గదికి ఆ నెలలోనే కొత్త సిస్టరు వచ్చింది. పొట్టి మనిషి, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, తొందర ఎరగని గొంతు. కుర్చీలో కూర్చుంటూనే తల ఊపడం మొదలుపెట్టిన టైలరుని చూసి, ఇంకా నేనేమీ చెప్పలేదు కదండీ అంది.

"అర్థమైందా అని నేనెవర్నీ అడగను. అడిగితే అందరూ అయిందనే అంటారు. ఇంటికెళ్ళి మీ ఆవిడకి ఎలా చెప్తారో అది నాకు చెప్పండి చాలు. తప్పొస్తే అది మీది కాదు, చెప్పిన నాది" అంది.

ముందు గుండీనే అడిగింది, ఈ మందు ఎందుకు వేసుకుంటున్నావమ్మా అని.

"తీపి తిన్నందుకు" అంది గుండీ.

టైలరు చటుక్కున కూతురి వంక తిరిగాడు. రోజూ ఆ చొక్కా పైకెత్తుతున్నది శిక్షకని పిల్ల ఇన్నాళ్ళూ అనుకుంటోందా?

సిస్టరు కుర్చీ దగ్గరకి జరుపుకుంది. తిన్నది రక్తంలోకి వస్తుంది, కానీ అక్కడి నుంచి ఒంట్లో ఉన్న చిన్నచిన్న గదుల్లోకి పోవాలంటే తలుపు తీసే మనిషి కావాలి. అందరి ఒంట్లోనూ ఆ పనివాళ్ళు పుడుతూ ఉంటారు, నీ ఒంట్లో పుట్టడం మానేశారు. నువ్వేదో తిన్నందుకు కాదు, మీ అమ్మ ఏదో తిన్నందుకూ కాదు. అందుకని సూదిలో ఎక్కించి బయటి నుంచి పంపుతున్నాం అని చెప్పింది. గుండీ నోరు తెరుచుకుని విన్నది. తలుపు తీసే మనిషి ఎంత ఉంటాడని అడిగింది. కంటికి కనపడనంత అని సిస్టరు అంటే, నా డబ్బాలోని చిన్న గుండీ కన్నా చిన్నవాడన్నమాట అని సర్దుకుంది.

తర్వాత ఏ చోట వేస్తున్నారో చూపించమంది. టైలరు ముఖం వెలిగింది. చూడండి, అక్కడ వేస్తే అసలు తెలియదండీ, నా చెయ్యి అలాంటిది అన్నాడు. సిస్టరు అక్కడ వేళ్ళతో తడిమింది. అటు పక్కా తడిమింది. మళ్ళీ ఇటు తడిమింది.

"మీ అమ్మాయి చెప్పింది, మీరు కళ్ళు మూసుకుని గుడ్డ నాణ్యం చెప్పగలరంటగా. ఇక్కడ చెయ్యి పెట్టి చెప్పండి" అంది.

అతను కళ్ళు మూసుకున్నాడు. ఎడమ పక్కన చర్మం మెత్తగా, పలచగా, పట్టుకుంటే వేళ్ళ మధ్యకి వచ్చింది. కుడి పక్కన రాలేదు. లోపల ఏదో దళసరిగా, బండగా ఉంది. కోటు భుజాల్లో తను కుట్టే దూది మెత్త గుర్తొచ్చింది. కళ్ళు తెరిచాడు గాని చెయ్యి తీయలేదు.

ఒకే చోట మళ్ళీ మళ్ళీ పొడిస్తే లోపల అలా దిండు కడుతుందని సిస్టరు చెప్పింది. అక్కడ నొప్పి తెలియదు. పంపిన పనివాళ్ళు వెళ్ళి ఆ దిండు మీద పడుకుంటారు. ఒక్కోసారి ఎవరూ లేవరు, షుగరు పెరిగిపోతుంది. ఒక్కోసారి అందరూ కలిసి లేస్తారు, అమాంతం పడిపోతుంది.

గుండీ తలెత్తి తండ్రి వంక చూసింది.

"నేను తినలేదని చెప్పానా నాన్నా" అంది గుండీ.

టైలరు ఊపలేదు. "చెప్పావమ్మా. నేనే నమ్మలేదు. నాదే తప్పు" అన్నాడు. ఇన్ని మాటలు వరసగా, నోటితో అతను అనడం గుండీ విన్నది అరుదు.

డాక్టరు వచ్చి తనూ తడిమి చూశాడు. ఆ చోటు మానేసి కొత్త చోట్లలో వేయాలనీ, ముందు మోతాదు తగ్గించాలనీ, కొన్నాళ్ళు తరచుగా పరీక్ష చూసుకోవాలనీ చెప్పి, ఎంత వేయాలో కొత్తగా నిర్ణయించాడు. ఆయన వెళ్ళాక సిస్టరు టైలరు వైపు తిరిగింది. మోతాదు ఎందుకు తగ్గించామో మీ ఆవిడకి చెప్పినట్టు నాకు చెప్పండి అంది.

కొత్త చోటు నొప్పిగా ఉంటుంది కదా, పాపం పిల్లకి, అందుకని తగ్గించారు అన్నాడు టైలరు. గుండీ నుదురు కొట్టుకుంది. అది కాదు నాన్నా, కొత్త చోట దిండు లేదు, ఎవరూ పడుకోరు, వెళ్ళినవాళ్ళందరూ పనిలోకి దిగిపోతారు, పాత లెక్కన పంపితే షుగరు మొత్తం ఖాళీ చేసేస్తారు అంది. సిస్టరు మళ్ళీ టైలరునే అడిగింది. ఈసారి అతను తన మాటల్లో తను చెప్పాడు. తడబడ్డాడు, ఆగాడు, చెప్పాడు. పరీక్ష ప్యాసైన కుర్రాడిలా చెమట తుడుచుకున్నాడు.

కొత్త చోట మొదటిసారి సూది దిగగానే గుండీ ఇస్సంది. తొడ మీదా అంతే, చేతి మీదా అంతే. టైలరు చేతి ప్రతిష్ఠ ఇంట్లో ఒక్కరోజులో మట్టిగొట్టుకుపోయింది. అత్తగారు ఊరుకునే మనిషి కాదు.

"నీ చెయ్యి తేలికే నాయనా, ఎవరు కాదన్నారు. మొద్దుబారిన చోట గునపం దింపినా తేలికే" అంది.

అయితే గుండీ ఏడవలేదు. మీటరు కూడా, మంత్రించినట్టు కాకపోయినా, మెల్లమెల్లగా దారికొచ్చింది. ఒకసారి ఎక్కినా, ఎందుకెక్కిందో ఆలోచిస్తే కారణం దొరికేది. ఇదివరకు కారణమే దొరికేది కాదు, మనిషి మీదే నేరం పడేది.

మిగిలింది అసలు పని. నేనే వేసుకుంటానని గుండీ, ఇంకొన్నాళ్ళు ఆగమని తండ్రి. రోజూ ఇదే గొడవ. సూది ఇవ్వబోయి చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. చివరికి ఒక మధ్యాహ్నం కొట్లో గిరాకీ లేని వేళ, మిగులు ముక్కలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి గుడ్డ బొమ్మ తయారైంది. దూది కూరిన పొట్ట, తొడలు, చేతులు. సూది వేయదగిన చోటల్లా ఒక గళ్ళ గుడ్డ ముక్క అతికాడు. ఒక్కో చోటికి ఒక్కో రంగు. బొడ్డు చుట్టూ మాత్రం ఏమీ అతకలేదు, అక్కడ వేయకూడదు కనుక. ఈ పూట ఈ గడిలో వేస్తే రేపు పక్క గడిలో. ఈ వారం పొట్టయితే వచ్చే వారం తొడ. సిస్టరు చెప్పిన వరసే అది, అతను గుడ్డ మీదకి ఎక్కించాడు.

"ఒకే బెజ్జంలో పదిసార్లు కుడితే పట్టయినా చిరుగుతుందని నాకు తెలుసు. నీ ఒంటికి కూడా అదే అని తట్టలేదు చూడు" అన్నాడు కూతురితో.

గుండీ ఆ బొమ్మని వారం రోజులు పొడిచింది. తర్వాత ఒక సాయంత్రం భోజనానికి ముందు, తన తొడ మీద. మోతాదు తనే చూసింది, తండ్రికి చూపించింది. టైలరుని రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని కూర్చోమంది. అతను పెట్టుకున్నాడు. ఎప్పుడూ గోడ వైపు తిరిగే తల్లి, చేతిలో కాజా పని పక్కన పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. కళ్ళు మూసుకోలేదు. గుండీ సూది దింపింది, మందు తోసింది, పెదవులు కదుపుతూ పది లెక్కపెట్టి తీసింది.

"అయిపోయింది" అంది.

తల్లి ఆ సూదిని తనే అందుకుని పక్కన పెట్టింది. టైలరు జేబుల్లోంచి చేతులు తీశాడు.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళే రోజున ఇల్లంతా కదిలింది. అత్తగారు కూడా చెప్పులేసుకుని ముందే వీధిలో నిలబడింది. ఇంట్లో పిల్లని కనిపెట్టుకుని ఉండేది నేను, నాకు చెప్పకుండా మీరంతా నేర్చుకుని ఏం లాభం అంది. సిస్టరు గుండీని అడిగింది, తల్లిని అడిగింది, చివరికి ఆవిడని కూడా అడిగింది: పిల్లకి చెమటలు పట్టాయి, చేతులు వణుకుతున్నాయి, షుగరు పడిపోయింది. ఇన్సులిన్ వేస్తారా?

"పొయ్యిలో మంట ఆరిపోతుంటే నీళ్ళు పోస్తామా తల్లీ? ముందు పళ్ళరసమో చక్కెర నీళ్ళో పట్టిస్తాం. పావుగంట ఆగి మళ్ళీ చూస్తాం. అప్పటికీ షుగరు లేవకపోతే మళ్ళీ పట్టిస్తాం. లేచాక తినడానికి పెడతాం. పిల్ల స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయను, ఆసుపత్రికి పరిగెత్తుతాను" అంది అత్తగారు. ఆగి, "తీపి తిన్నందుకు వచ్చిందని ఇన్నాళ్ళూ కూతుర్ని ఆడిపోసుకున్నాను. అది కూడా తప్పేనట" అని తనంతట తనే ఒప్పుకుంది.

సిస్టరు కళ్ళజోడు తీసి వేలాడేసి, గుడారానికి వెళ్ళొచ్చు అంది. డాక్టరు కూడా సరేనన్నాడు.

బస్సు వెళ్ళిన రోజు టైలరు కొట్లో కూర్చున్నాడు గాని మనసు కూర్చోలేదు. ఫోను మిషను మీదే పెట్టుకున్నాడు. తను చెయ్యకూడదని మాట. అవసరమైతే మేష్టారే చేస్తాడు. ఆ ధ్యాసలో ఒక పెద్దమనిషి పంట్లాం కాళ్ళు రెండూ కలిపి కుట్టేశాడు. ఆయన చూసి, నేను ఒంటికాలి మీద నడవాలా ఏమిటి అంటే, అలవాటు కొద్దీ తల ఊపాడు. మర్నాడు మధ్యాహ్నం ఒకసారి ఫోను మోగింది. ఎత్తేసరికి ఎవరో చొక్కా అయిందా అని అడిగారు. తిట్టలేక పెట్టేశాడు.

మూడోనాటి మధ్యాహ్నం బడి గేటు ముందు ఇల్లంతా నిలబడింది. బస్సు దుమ్ముకొట్టుకుని వచ్చింది. గుండీ అందరికన్నా ఆఖరున దిగింది, ఎండకి కమిలిన ముఖంతో, బొమ్మని చంకలో పెట్టుకుని. వెనకే మేష్టారు.

ఆయన చెప్పిన సంగతి ఇది. రెండోరోజు గుట్ట సగం ఎక్కాక గుండీ ఉన్నట్టుండి ఆగింది. మేష్టారూ ఆగండి, చేతులు వణుకుతున్నాయి అని ఒక రాతి మీద కూర్చుంది. సంచీలోంచి మీటరు తీసి చూసుకుంది, తక్కువుంది. అంతలో తోడుగా ఎక్కుతున్న బస్సు డ్రైవరు, షుగరు పిల్ల కదా, తొందరగా ఆ సూదేదో వేసుకో అమ్మా అని కంగారుపడ్డాడు. మేష్టారికి కూడా ఒక్క క్షణం ఏది రైటో తోచలేదట.

"అప్పుడు ఏమందో తెలుసా అండీ. ఇప్పుడు సూది వేస్తే నేను పడిపోతాను, ఇప్పుడు నాకు కావలసింది తీపి అంది. పళ్ళరసం తాగేసింది. నా గడియారం అడిగి తీసుకుని పావుగంట చూసుకుంది. అప్పటిదాకా తరగతి మొత్తాన్ని కదలనివ్వలేదు. మళ్ళీ పరీక్ష చూసి, బిస్కెట్లు తిని, ఇక పదండి అంది. నేనే కాదు, నా పంట్లాం కూడా ఆ పిల్ల మాట వినేది" అన్నాడు.

పిల్లలు ఆ పావుగంటా ఊరికే కూర్చోలేదు. ఏమిటది, ఎందుకు, నొప్పా అని చుట్టూ మూగితే గుండీ బొమ్మని తీసి తలుపు తీసే మనుషుల కథంతా చెప్పింది. అది విని, ఎప్పుడూ వెనక వరసలో ఉండే ఒక పిల్ల తన జేబులోంచి ఊపిరి మందు పీల్చే గొట్టం తీసి చూపించింది. అంతవరకూ అది ఉన్న సంగతి తరగతిలో ఎవరికీ తెలియదట. గుట్ట ఎక్కేటప్పుడు ఇది ముందే పీల్చమన్నారు, సిగ్గేసి మానేశాను అందట. పీల్చమని అందరూ కలిసి పట్టుపట్టారు. ఇద్దరూ గుట్ట చివరి దాకా ఎక్కారు.

టైలరు వింటున్నంతసేపూ తల ఊపలేదు. విని, మేష్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, "నువ్వు చేసిన పని నేను చెయ్యలేకపోయేవాణ్ణి. కంగారులో సూదే తీసేవాణ్ణేమో" అన్నాడు, గేటు దగ్గరున్న వాళ్ళంతా వినేంత గట్టిగా.

"అందుకే రావద్దన్నా" అంది గుండీ.

అత్తగారు పకపకా నవ్వింది. తల్లి నవ్వుతూనే కళ్ళొత్తుకుంది.

ఆ బొమ్మని చూసి, మా గదికి కూడా ఒకటి కుట్టివ్వగలరా అని సిస్టరు తర్వాత అడిగింది. ఒకటి కాదు, వరసగా కుట్టాడు. పిల్లల్ని చూసే రోజున ఆ గదికి కొత్తగా వచ్చిన తండ్రెవరైనా చెప్పకముందే తల ఊపుతుంటే, సిస్టరు టైలరుని పిలుస్తుంది. అతను పక్కన కూర్చుని, నేనూ మీలాగే ఊపాను, చెప్తాను వినండి అని మొదలుపెడతాడు. కొట్లో గుండుసూదులకి ఇప్పుడొక దిండు కట్టుకున్నాడు, మణికట్టుకి.

కాని ఇదంతా తర్వాతి మాట. ఆ రోజు బస్సు దిగి ఇంటికొచ్చాక, భోజనానికి ముందు గుండీ కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చుంది. బొమ్మ మీద గడి చూసుకుంది. ఈ పూట ఎడమ తొడ, గళ్ళ గుడ్డలో ఎర్రది. టైలరు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. సూది దిగింది. ఇస్స్ అని చిన్న శబ్దం.

"నొప్పెట్టిందా?" అన్నాడు.

"కొంచెం."

"మంచిది" అన్నాడు టైలరు. ఆ మాటకి ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు. గుండీ నవ్వు మధ్యలో లెక్క తప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.